చర్చలో కమిటీ రికార్డు వాడుకోవడం ఎలా: ఏది చదవొచ్చు, ఏది కుదరదు, కాపీ అందకపోతే ఏం చేయాలి

ఎంపీల దగ్గర ప్రసంగాలు తయారుచేసేవాళ్ళు, పార్లమెంటు వార్తలు రాసేవాళ్ళు, కమిటీలకు వినతిపత్రాలు పంపే సంఘాలవాళ్ళు తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "స్టాండింగ్ కమిటీ (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ) ముందు ఫలానా శాఖ కార్యదర్శి ఇలా ఒప్పుకున్నారట. చర్చలో ఆ మాట ఎత్తొచ్చా?"

ఆ మాట ఉన్న కమిటీ కాగితం సభ ముందుకు వచ్చి ఉంటే ఎత్తొచ్చు, రాకపోతే కుదరదు. అందులో ఎంత గొప్ప సంగతి ఉన్నా, పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చినా ఈ లెక్క మారదు. కింద చెప్పేది లోక్‌సభ నియమావళి ప్రకారం. రాజ్యసభలోనూ పద్ధతి చాలావరకు ఇంతే కానీ నియమాల అంకెలు వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలకు వాటి వాటి నియమావళులు ఉన్నాయి, కాబట్టి ఇక్కడి అంకెల్ని అక్కడ చెప్పకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- లోక్‌సభ కార్యవిధాన నియమావళి, దానితోపాటు స్పీకర్ ఆదేశాల పుస్తకం (డైరెక్షన్స్). నియమావళిలో 75–78, 222–225, 253–286, 331సి నుంచి 331ఎన్, 354, 368, 369, 376 దగ్గర చీటీలు పెట్టుకోండి. రోజువారీ పనికి ఇవి చాలు.
- నివేదిక మొత్తం పీడీఎఫ్. పత్రికా ప్రకటన, వార్త, వాట్సాప్‌లో వచ్చిన రెండు పేజీల ఫొటో దానికి బదులు కావు.
- అదే నివేదిక మీద తర్వాత వచ్చిన చర్యల నివేదిక (యాక్షన్ టేకెన్ రిపోర్ట్), వచ్చి ఉంటే.
- ఆ రోజు సభా కార్యక్రమాల జాబితా, అనుబంధ జాబితా. అనుబంధ జాబితా చూడనివాళ్ళే ఎక్కువ. చివరి నిమిషంలో చేర్చిన నివేదికలు కనిపించేది అందులోనే.

నివేదికలన్నీ పార్లమెంటు వెబ్‌సైట్ సన్సద్ డాట్ ఇన్‌లో కమిటీల విభాగం కింద ఉంటాయి. పాతవి పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో వెతకాలి.

1. ముందు అది ఏ కమిటీయో తేల్చుకోండి

కమిటీని బట్టి మీకున్న హక్కులు మారతాయి.

శాఖల వారీ స్టాండింగ్ కమిటీలు 24. ఒక్కోదాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. వీటిలో 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద నడుస్తాయి. 1993లో మొదలైనప్పుడు ఇవి 17, 2004లో 24 అయ్యాయి. ఆర్థిక కమిటీలు మూడు: ప్రజాపద్దుల కమిటీ (పీఏసీ), అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ. ఇవి కాక ఒక బిల్లు కోసమే వేసే సెలెక్ట్ కమిటీలు, సంయుక్త కమిటీలు (జేపీసీ) ఉంటాయి.

నాలుగో రకం ఒకటి ఉంది, చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. మంత్రి అధ్యక్షతన జరిగే సంప్రదింపుల కమిటీ (కన్సల్టేటివ్ కమిటీ) పార్లమెంటరీ కమిటీ కాదు. అది సభకు నివేదిక ఇవ్వదు. స్టాండింగ్ కమిటీలో మంత్రి సభ్యుడిగా కూడా ఉండడానికి వీల్లేదు. కాబట్టి "మంత్రిగారి అధ్యక్షతన కమిటీ" అని ఎక్కడైనా కనిపిస్తే దాని నివేదిక కోసం వెతుకుతూ రోజు పోగొట్టుకోకండి.

నివేదిక నంబరు విషయంలో ఒక జాగ్రత్త. లోక్‌సభ సచివాలయం కింది కమిటీలు కొత్త లోక్‌సభ ఏర్పడిన ప్రతిసారీ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాయి. ఉత్త "12వ నివేదిక" అంటే 16వ లోక్‌సభదా, 17వదా, 18వదా తెలియదు. రాజ్యసభ సచివాలయం కింది కమిటీలకు నంబరు వరసగా పెరుగుతూ పోతుంది, అందుకే వాటికి వందల్లో అంకెలు కనిపిస్తాయి.

2. సభ ముందు పెట్టిన తేదీ చూడండి

నివేదిక అట్ట లోపలి పేజీలోనే "లోక్‌సభకు సమర్పించినది", "రాజ్యసభ ముందుంచినది" అని రెండు తేదీలు ఉంటాయి. మీకు కావాల్సినవి ఆ రెండే. వాటి పక్కన ఇంకో రెండు మూడు తేదీలు తిరుగుతుంటాయి, పొరపడకండి.

- కమిటీ నివేదికను ఆమోదించిన తేదీ. ఇది పీఠికలో ఉంటుంది. ఆ రోజుకు నివేదిక ఇంకా గోప్యమే.
- స్పీకర్‌కు అందజేసిన తేదీ. అప్పటికీ గోప్యమే.
- సభకు సమర్పించిన తేదీ. ఇక్కడి నుంచి బహిరంగం.

వక్ఫ్ సవరణ బిల్లు, 2024 మీద వేసిన సంయుక్త కమిటీ నివేదికనే తీసుకోండి. 2025 జనవరి 29న కమిటీ ఆమోదించింది, 30న స్పీకర్‌కు ఇచ్చారు, ఫిబ్రవరి 13న సభల ముందుకు వచ్చింది. మధ్యలోని ఆ రెండు వారాలూ టీవీల్లో దాని మీద చర్చలు నడిచాయి. నియమం ప్రకారం మాత్రం 13 దాకా దాన్ని ఉటంకించే వీలు లేదు.

సభ జరగని రోజుల్లో పని పూర్తయితే కమిటీ అధ్యక్షుడు నివేదికను స్పీకర్‌కు ఇవ్వొచ్చు. దాన్ని అచ్చువేయడానికి, ప్రచురించడానికి, పంచడానికి అనుమతించే అధికారం 280వ నియమం కింద స్పీకర్‌ది. అనుమతి వచ్చిందంటే సభలో పెట్టకముందే అది బయటికొస్తుంది, తర్వాతి సమావేశాల్లో వీలైనంత త్వరగా సభకు సమర్పిస్తారు. "సభలో పెట్టలేదు కదా, వెబ్‌సైట్‌లో ఎలా ఉంది?" అనే అనుమానం వస్తే ముందు ఈ కారణం చూడండి.

ముసాయిదా వేరు, నివేదిక వేరు. 2011లో 2జీ స్పెక్ట్రమ్ మీద పీఏసీ అధ్యక్షుడు మురళీ మనోహర్ జోషి ముసాయిదా పత్రికల్లో విరివిగా వచ్చింది. కమిటీలో ఎక్కువమంది దాన్ని తిరస్కరించారు. ఆయన స్పీకర్‌కు పంపితే అది వెనక్కి వచ్చింది. అలాంటి కాగితాన్ని "పీఏసీ నివేదిక" అని చదివితే అది తప్పు ఉటంకింపే.

3. నివేదికలో మీరు చదవబోయే భాగం ఏమిటో గుర్తుపట్టండి

నివేదికలో ఎన్నో గొంతులు కలిసి ఉంటాయి. ఎవరి మాట ఎవరికి అంటగడుతున్నారో చూసుకోకపోతే ఎదుటి పక్షం లేచి నిలదీస్తుంది.

*వివరణ భాగం.* శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబులు, అధికారులు మౌఖికంగా చెప్పినవి ఇందులో ఉంటాయి. "కార్యదర్శి కమిటీకి ఇలా తెలిపారు" అంటూ కొటేషన్‌లో ఉన్న వాక్యం మీరు వాడుకోగల సాక్ష్యమే, ఎందుకంటే నివేదికతోపాటు అదీ సభ ముందుకు వచ్చింది. కానీ అది శాఖ మాట, కమిటీ అభిప్రాయం కాదు.

*పరిశీలనలు, సిఫార్సులు.* మామూలుగా లావు అక్షరాల్లోనో, రెండో భాగంగానో ఉంటాయి. "కమిటీ ఇలా చెప్పింది" అనాలంటే ఇక్కడి నుంచే తీసుకోండి.

*అనుబంధాల్లోని మినిట్స్ (కమిటీ సమావేశాల క్లుప్త నమోదు).* ఎవరు హాజరయ్యారు, ఏ తేదీన ఏ అంశం వచ్చింది అన్నంతవరకే ఇవి పనికొస్తాయి. చివర్లో "మాటకు మాట రికార్డు ప్రతిని భద్రపరిచారు" అన్న అర్థంలో ఒక వాక్యం కనిపిస్తుంది. అది చూసి సచివాలయానికి ఉత్తరం రాస్తే దొరుకుతుందని ఆశపడతారు. భద్రపరచడం వేరు, సభ ముందుంచడం వేరు. 275వ నియమం ప్రకారం సాక్ష్యం మొత్తాన్నో, కొంత భాగాన్నో, సారాంశాన్నో సభ ముందుంచమని కమిటీ ఆదేశించవచ్చు. అలా పెట్టనిదాన్ని స్పీకర్ అనుమతి లేకుండా ఎవరూ చూడకూడదు, ఎవరూ ప్రచురించకూడదు.

అదే నియమంలో ఒక చిన్న తలుపు ఉంది. సాక్ష్యాన్ని లాంఛనంగా సభ ముందుంచకముందే సభ్యులకు గోప్యంగా అందుబాటులో ఉంచమని స్పీకర్ తన విచక్షణతో ఆదేశించవచ్చు. చర్చకు అది నిజంగా అవసరమైతే ఎంపీ స్పీకర్‌కు లేఖ రాయాలి. ఏ కమిటీ, ఏ తేదీ సమావేశం, ఏ సాక్షి, ఏ చర్చకు ఎందుకు కావాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. "కమిటీ రికార్డులన్నీ ఇవ్వండి" అని రాసిన లేఖతో ఫలితం ఉండదు. అనుమతి వచ్చినా అది చదువుకోవడానికే, సభలో చదివి వినిపించడానికి కాదు.

*అసమ్మతి పత్రం.* అది రాసిన సభ్యుల అభిప్రాయం మాత్రమే. సెలెక్ట్ కమిటీల విషయంలో ఇందులో మర్యాద తప్పని భాష ఉండాలి, కమిటీలో జరిగిన చర్చను ప్రస్తావించకూడదు, కమిటీని నిందించకూడదు. వక్ఫ్ నివేదికలో అసమ్మతి పత్రాల్లోని భాగాలు తీసేశారన్న గొడవ తర్వాత వాటిని సవరణ పత్రంతో చేర్చారు. అందుకే మొదటిరోజు దించుకున్న పీడీఎఫ్‌తోనే సరిపెట్టుకోకండి. సవరణ పత్రం (కారిజెండమ్) వచ్చిందేమో చూడండి.

4. చర్యల నివేదిక చూడకుండా సిఫార్సు ఎత్తొద్దు

ప్రసంగాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సిఫార్సుల మీద ప్రభుత్వం మూడు నెలల్లో కమిటీకి జవాబు ఇవ్వాలి. వాటిని పరిశీలించి కమిటీ ఇంకో నివేదిక ఇస్తుంది, అదే చర్యల నివేదిక. లోక్‌సభ కమిటీల్లో అది మామూలుగా ఐదు అధ్యాయాలుగా ఉంటుంది.

మొదటి అధ్యాయం కమిటీ వ్యాఖ్య. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు. మూడోది ప్రభుత్వ జవాబు చూశాక కమిటీ ఇక పట్టుబట్టదలచుకోనివి. నాలుగోది ప్రభుత్వ జవాబును కమిటీ ఒప్పుకోనివి. ఐదోది తుది జవాబు ఇంకా రానివి.

మీ సిఫార్సు ఏ అధ్యాయంలో పడిందో చూడండి. ప్రతిపక్షం నుంచి మాట్లాడేవారికి నాలుగు, ఐదు అధ్యాయాలు బంగారం. మూడో అధ్యాయంలో ఉన్నదాన్ని పట్టుకుని "కమిటీ చెప్పినా ప్రభుత్వం పట్టించుకోలేదు" అంటే మంత్రి ఒక్క వాక్యంతో కూర్చోబెట్టేస్తారు. అధికార పక్షం రెండో అధ్యాయాన్ని చూపిస్తుంది. అక్కడ జవాబులో "గుర్తించాం", "పరిశీలిస్తాం" తప్ప ఇంకేమీ లేకపోతే ఆ మాటల్నే చదివి వినిపించండి.

చర్యల నివేదిక ఇంకా రాలేదా? స్పీకర్ ఆదేశాల్లో 73ఎ కింద మంత్రి ఆరు నెలలకోసారి సిఫార్సుల అమలు స్థితి మీద సభలో ప్రకటన చేయాలి. ఆ ప్రకటన ఉందేమో వెతకండి. అదీ లేకపోతే, లేదన్న సంగతే చర్చలో ఒక అంశం.

5. ఉటంకింపు తయారుచేయండి

కాగితం మీద ఈ వరసలో రాసుకోండి: కమిటీ పేరు, ఎన్నో లోక్‌సభ, నివేదిక నంబరు, సభకు సమర్పించిన తేదీ, పేరా నంబరు, ఆ తర్వాత ఉటంకించే వాక్యం. పేజీ నంబరు ఒక్కటే సరిపోదు, హిందీ, ఇంగ్లీషు ప్రతుల్లో పేజీలు కలవవు. పేరా నంబరు రెండింటిలోనూ ఒకటే.

నివేదికలు వచ్చేది ఇంగ్లీషు, హిందీల్లోనే. సభ్యుడు తెలుగులో మాట్లాడుతుంటే ముందు పేరా నంబరు చెప్పించండి, ఆపైన తెలుగు సారం. అనువాదకులకు మూలం దొరికితే మాట వంకర పోదు. ఉటంకింపు ఉన్న పేజీ కాపీ ఒకటి సభా రిపోర్టర్లకు (సభలో మాటల్ని రికార్డు చేసే సిబ్బందికి) ఇవ్వడం కూడా మంచిది.

మూడు వాక్యాలు మించి చదివించకండి. టైము పార్టీ కోటాలోంచే పోతుంది.

6. నివేదిక అందకుండానే చర్చ మొదలుపెడితే

బిల్లు సెలెక్ట్ కమిటీకో, సంయుక్త కమిటీకో వెళ్ళి వచ్చినదైతే 77వ నియమం మీ చేతిలో ఉంది. చర్చకు తీసుకోవాలన్న తీర్మానం పెట్టే రోజుకు రెండు రోజుల ముందు నివేదిక ప్రతి సభ్యులకు అందుబాటులోకి రాకపోతే ఏ సభ్యుడైనా అభ్యంతరం చెప్పవచ్చు. స్పీకర్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆ అభ్యంతరమే నిలుస్తుంది. చెప్పాల్సింది తీర్మానం ప్రవేశపెట్టగానే. చర్చ సగం నడిచాక లేస్తే ఉపయోగం లేదు. ఆ చర్చకు 78వ నియమం హద్దు కూడా ఉంది. నివేదిక, అందులో ప్రస్తావించిన విషయాలు, బిల్లు మూల సూత్రానికి లోబడిన ప్రత్యామ్నాయ సూచనలు, అంతవరకే మాట్లాడాలి.

హెచ్చరిక: శాఖల వారీ స్టాండింగ్ కమిటీకి వెళ్ళిన బిల్లుకు ఈ రెండు రోజుల నియమం వర్తించదు. ఆ నివేదిక సలహా మాత్రమే. 331ఎన్ ప్రకారం దానికి ఒప్పించే విలువ ఉంటుంది, అంతే. సభ ముందుకొచ్చేది ప్రభుత్వ బిల్లే గానీ కమిటీ సవరించిన బిల్లు కాదు.

మిగతా రకం నివేదికలకు సమయం ఇవ్వడం ప్రధానంగా సభాధ్యక్షుడి చేతిలోనే ఉంటుంది. 2023 డిసెంబర్ 8న ఎంపీ మహువా మొయిత్రా వ్యవహారంలో ఎథిక్స్ కమిటీ (సభ్యుల నడవడికను చూసే కమిటీ) నివేదికను మధ్యాహ్నం 12 గంటలకు లోక్‌సభకు సమర్పించారు. రెండింటికి చర్చ మొదలైంది. దాదాపు 500 పేజీలు చదవడానికి కొన్ని రోజులు కావాలని ప్రతిపక్ష సభ్యులు కోరినా కుదరలేదు. ఆమెను సభ నుంచి బహిష్కరించే తీర్మానం ఆ రోజే నెగ్గింది.

అలాంటి రోజు ఎదురైతే పని ఇలా పంచుకోండి. ఒకరు సిఫార్సుల భాగం, ఒకరు అసమ్మతి పత్రాలు, ఇంకొకరు మినిట్స్‌లో తేదీలు, హాజరు. వివరణ భాగం ఎవరూ మొదటి నుంచి చదవొద్దు. సిఫార్సు కింద ఇచ్చిన పేరా నంబర్లు పట్టుకుని వెనక్కి వెళ్ళండి. సమయం కోరే లేఖ సభ్యుడి సంతకంతో ముందే స్పీకర్ కార్యాలయానికి చేరాలి. ఒప్పుకోకపోయినా, అడిగినట్టు రికార్డు ఉంటుంది.

7. సభలో ఎవరైనా బయటపెట్టకూడనిది చదివితే

సభ్యుడు చదివితే వెంటనే పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారని లేచి స్పీకర్ దృష్టికి తేవడం). 376వ నియమం కింద అది ఆ క్షణాన సభ ముందున్న పనికి సంబంధించినదై ఉండాలి, ఉల్లంఘన జరిగిన నియమం నంబరు చెప్పాలి. "275వ నియమం" అన్న రెండు మాటలు పెద్ద అరుపు కన్నా బాగా పనిచేస్తాయి.

మంత్రి చదివితే దారి వేరు. సభకు సమర్పించని ప్రభుత్వ పత్రాన్ని మంత్రి ఉటంకిస్తే దాన్ని సభ ముందుంచాలని 368వ నియమం అంటుంది. రెండు మినహాయింపులున్నాయి: పత్రం బయటపెట్టడం ప్రజాహితానికి విరుద్ధమని మంత్రి చెప్పడం, పత్రంలోని సారాన్ని తన మాటల్లో చెప్పడం. రెండోది మంత్రులకు బాగా అలవాటు. అందుకే మంత్రి కాగితం చూసి పదానికి పదం చదివారా, సారం చెప్పారా అన్నది ఒకరు రాసుకుంటూ ఉండాలి.

బయట, అంటే పత్రికల్లోనో టీవీలోనో, కమిటీ సాక్ష్యం వచ్చేస్తే సభా హక్కుల నోటీసు (సభ హక్కులకు భంగం కలిగిందని తెలిపే నోటీసు) ఇవ్వొచ్చు. అదే రోజు ఎత్తాలంటే ఉదయం 10 గంటలలోపు సెక్రటరీ జనరల్‌కు రాతపూర్వకంగా అందాలి. పత్రం ఆధారంగా ఇచ్చే నోటీసుకు ఆ పత్రం జతచేయాలి. విషయం ఇటీవలిదై ఉండాలి.

కాగితం ఇంకా గోప్యమే అయితే ప్రత్యామ్నాయాలు

కమిటీ సభ్యుడు లోపల విన్నది బయట చెప్పకూడదు కానీ అదే విషయాన్ని బహిరంగ ఆధారాలతో మాట్లాడొచ్చు. అవి చాలానే ఉంటాయి: సభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, నక్షత్ర గుర్తు లేని (రాతపూర్వకంగా జవాబిచ్చే) ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు, శాఖ వార్షిక నివేదిక, పద్దుల పుస్తకం, గత లోక్‌సభలో అదే అంశం మీద వచ్చిన కమిటీ నివేదిక. ప్రశ్న అడగదలిస్తే కమిటీ పేరు ఎత్తకుండా అడగండి. సభ ముందుకు రాని కమిటీ వ్యవహారాల మీద ప్రశ్నను అనుమతించరు.

సమాచార హక్కు దరఖాస్తుతో సాక్ష్యం తెప్పించుకుందామనుకునేవారికి: చట్టంలోని 8(1)(సి) సెక్షన్ సభా హక్కులకు భంగం కలిగించే సమాచారాన్ని మినహాయించింది. పది రూపాయలు, ముప్పై రోజులు పోగొట్టుకున్నట్టే.

సంఘాలవాళ్ళకు ఒక మాట. కమిటీకి మీరు పంపిన వినతిపత్రం అందిన క్షణం నుంచి కమిటీ రికార్డు అవుతుంది. అభిప్రాయాలు కోరే ప్రకటనలోనే ఆ సంగతి ఉంటుంది. దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టినా, ఎంపీకిచ్చి చదివించినా ఇబ్బందే. మీ లెక్కలు మీవే కాబట్టి వాటితో విడిగా ఇంకో పత్రం రాసి ఇవ్వండి, అందులో కమిటీ ఊసు వద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

- శాఖ మాటను కమిటీ మాటగా చెప్పడం. అన్నిటికన్నా ఎక్కువ జరిగేది ఇదే.
- పద్దుల మీద స్టాండింగ్ కమిటీ నివేదికను కోత తీర్మానానికి (శాఖ అడిగిన పద్దును తగ్గించాలనే తీర్మానానికి) మద్దతుగా చూపడం. ఆ నివేదికల్లో కోత తీర్మానం తరహా సూచనలు ఉండకూడదని నియమమే ఉంది.
- రాజ్యసభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగాన్ని లోక్‌సభలో ఉటంకించడం. మంత్రి చేసిన స్పష్టమైన విధాన ప్రకటన అయితే తప్ప 354వ నియమం ఒప్పుకోదు.
- ఉటంకించిన పేజీల్ని సభ్యుడి సంతకంతో ధ్రువీకరించకుండా సభ ముందుంచబోవడం. 369వ నియమం ధ్రువీకరణ అడుగుతుంది.
- కమిటీ నివేదికను కోర్టులో సవాలు చేయొచ్చనుకోవడం. కల్పనా మెహతా కేసులో 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నివేదికను కోర్టు పరిశీలనలోకి తీసుకోవచ్చు గానీ దాని చెల్లుబాటును ప్రశ్నించడానికి వీల్లేదని చెప్పింది.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

ప్రసంగానికి ముందు: ఉటంకింపు కాగితాన్ని తయారుచేయని మనిషికి ఇచ్చి, నివేదిక పీడీఎఫ్‌లో ఆ పేరా వెతకమనండి. రెండు నిమిషాల్లో దొరక్కపోతే ఆధారం సరిగా రాయలేదన్నమాట. సమర్పించిన తేదీని నివేదిక అట్ట మీద చూసి ఊరుకోకుండా ఆ రోజు సభా కార్యక్రమాల జాబితాతో సరిపోల్చండి. జాబితాలో ఉన్నా సభ వాయిదాపడి సమర్పణ జరగని రోజులుంటాయి, కాబట్టి ఆ రోజు చర్చల ప్రతి కూడా ఒకసారి తిప్పండి.

ప్రసంగం తర్వాత: అదే రోజు వచ్చే సభా చర్చల దిద్దని ప్రతిలో ఉటంకింపు ఎలా ఎక్కిందో చూడండి. అంకెలు, పేరా నంబర్లు తారుమారయ్యేది ఇక్కడే. ఏదైనా భాగం "రికార్డు చేయలేదు" అని ఉంటే ఆ వీడియో ముక్కను ఎంపీ ఖాతాలో పెట్టకండి. రికార్డు నుంచి తొలగించిన మాటల్ని ప్రచురించడం మళ్ళీ సభా హక్కుల గొడవకే దారి తీస్తుంది. మంత్రి చెప్పినదాంట్లో వాస్తవ దోషం కనిపిస్తే స్పీకర్ ఆదేశాల్లో 115 కింద, తప్పు ఏమిటో, సరైన వివరం ఏ నివేదికలో ఏ పేరాలో ఉందో చూపిస్తూ సభ్యుడు స్పీకర్‌కు రాయాలి.